హారంలో పెంచలమ్మ

పోయినేడాది మా జిల్లా మొత్తంలోకి అతి పెద్ద కాలుష్యకారకురాలు పెంచలమ్మ. ఇది నేనంటున్న మాట కాదు. పరిశుభ్ర పరిశ్రమల మండలి వారు సీలు వేసి పంపిన కాగితంలో ఉంది. ఆ కాగితం ప్రకారం, అయిదడుగులు కూడా లేని ఆ మనిషి ఒక్క సంవత్సరంలో నలభై ఒక్క వేల లీటర్ల థిన్నర్ వాగులోకి వదిలింది, లక్షా తొంభై వేల లీటర్ల డీజిల్ తగలబెట్టింది. ఆ రోజుల్లో ఆమె చేసిన పనల్లా ఒక అద్దాల గదిలో శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చోవడమే. కూర్చోబెట్టిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా పేరు మస్తానయ్య. రేగులపాడు పారిశ్రామికవాడలో సీలింగు ఫ్యాన్లు తయారుచేసే కంపెనీలో పర్యావరణ విభాగం గుమాస్తాని. విభాగం అంటే నేను, ఒక బీరువా. మండలి పంపే ఫారాలు నింపడం, తిరిగి పంపడం నా పని. ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను. ఎవరూ తప్పు పట్టలేదు, చదివితే కదా పట్టడానికి.

పెంచలమ్మ మా పెయింటు షాపులో పదహారేళ్లు పనిచేసింది. ఫ్యాను రెక్కలకు గన్‌తో రంగు కొట్టడం పని. అక్కడ నూట పన్నెండు మంది ఉండేవాళ్లు, ఎక్కువమంది ఆడవాళ్లే, అందరికీ ఆవిడే పెద్ద. ఏ రోజు ఏ రంగు కొట్టాలో ఆవిడ చెప్పేది. ఒక రోజు తెలుపంటే సాయంత్రం దాకా తెలుపే. రంగు మార్చినప్పుడల్లా గన్‌నీ గొట్టాలనీ థిన్నర్‌తో కడగాలి కాబట్టి, వారానికి నాలుగైదు సార్ల కంటే కడగనిచ్చేది కాదు. కడిగిన థిన్నర్‌ని కూడా డబ్బాలో పట్టి, తేర్చి, మళ్లీ వాడించేది. కంపెనీ మీద ప్రేమతో కాదు. కంపెనీ వెనక వాగు ఉంది, ఆ వాగు పక్కన ఆవిడకి అర ఎకరం వంకాయ తోట, ఒక బావి ఉన్నాయి.

ఇలా ఉండగా మండలి నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. "సమస్త కాలుష్యమునకు మూలకారణము మానవుడు. కావున కాలుష్యమును మానవుని వద్దనే కొలువవలెను" అని మొదటి వాక్యం. దానితో పాటు తొమ్మిదో నంబరు ఫారం. కార్మికులు విడిచే ఊపిరి ఎంత, వాడే మరుగుదొడ్డి నీళ్లు ఎన్ని, క్యాంటీన్లో పారేసే అన్నం ఎంత, వచ్చే స్కూటర్లెన్ని, ఇలాంటి గళ్లు.

కొలవడానికి మండలి పర్యావరణాధికారి త్రివిక్రమరావు గారు స్వయంగా వచ్చారు. చాలా నిష్ఠగల మనిషి. నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. పెయింటు షాపు వాళ్లందర్నీ వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి చేత రబ్బరు సంచిలోకి ఊదించారు. పెంచలమ్మ వంతు రాగానే, చెప్పిన పని సరిగ్గా చేసే అలవాటు కొద్దీ, సంచి పగిలేలా ఊదింది.

ఆయన సంచిని అటూ ఇటూ తిప్పి చూసి నాచేత రాయించారు. "ఈ కార్మికురాలు సగటు కంటె పద్దెనిమిది శాతము అధికముగా నిశ్వసించుచున్నది."

"ఏం రాయించినాడన్నా?" అని పెంచలమ్మ నన్నడిగింది.

"గట్టిగా ఊదావని రాశారు."

"మంచిదేగా?"

నేను తర్వాతి పేరు పిలిచాను.

మా మేనేజరు చక్రపాణి గారు ఆ లెక్క చూసుకుని వారం రోజులు ఆలోచించారు. తర్వాత పెయింటు షాపులో పదకొండు రోబోలు దిగాయి. నూట పన్నెండు మందినీ ఒకే రోజు పిలిచి, పూలదండ వేసి, పర్యావరణానికి వాళ్లు చేస్తున్న త్యాగం గురించి మేనేజరు గారు అరగంట మాట్లాడి పంపేశారు. పెంచలమ్మ దండ తీసి నా బల్ల మీద పెట్టి, "మేం గాలి పీల్చేది ఎక్కువైందంట గదన్నా" అని వెళ్లిపోయింది.

ఆ సంవత్సరం ఫారం నింపేటప్పుడు నాకొక సందేహం వచ్చింది. మేనేజరు గారి గదికి వెళ్లాను.

"సార్, రోబోల్ని ఏ గడిలో వెయ్యాలి? యంత్రాలకు గడి లేదు."

"ఏ గళ్లున్నాయి?"

"మనుషులు, వాహనాలు, ఫర్నిచర్."

"నిలబడి ఉంటాయిగా. ఫర్నిచర్‌లో వెయ్యి."

వేశాను. ఫర్నిచర్ వల్ల కలుగు కాలుష్యం అనేచోట 'వర్తించదు' అని అప్పటికే అచ్చు వేసి ఉంది.

రోబోలు బాగా పనిచేసేవి, ఆ మాట కాదనను. కానీ వాటికి వేడి పడదు. హాలంతా ఇరవై రెండు డిగ్రీల్లో ఉంచాలి. మనుషులు చెమట కారుస్తూ పనిచేసిన హాలుకి తొమ్మిది పెద్ద ఏసీలు పెట్టారు. కరెంటు ఒక్క క్షణం ఊగినా రోబోలు చెయ్యి పైకెత్తి ఆగిపోతాయి. అందుకని జనరేటర్లు పొద్దస్తమానం నడిచేవి. ఆపైన కంపెనీ వారు 'మీ గోడ రంగుకి సరిపోయే ఫ్యాను' అని ప్రకటన ఇచ్చారు. ఒక ఫ్యాను గులాబి, దాని వెనకది పచ్చ, దాని వెనకది ఊదా. ఫ్యాను ఫ్యానుకీ రోబో తన గొట్టాల్ని తనే థిన్నర్‌తో కడుక్కునేది. అంత శుభ్రమైన పనివాణ్ణి నేను చూడలేదు. కడిగిందంతా వెనక కాలవ గుండా వాగులోకి పోయేది.

రెండు నెలలకి పెంచలమ్మ గేటు దగ్గరకి వచ్చింది. చేతిలో ఒక సీసా, అందులో బావి నీళ్లు. పైన సన్నగా ఊదారంగు తెట్టు.

"వాసన చూడన్నా" అంది.

చూశాను. మా పెయింటు షాపు వాసన.

"గేదె మూతి పెట్టడంలే. వంగ మొక్కలు మాడిపోతా ఉండాయి. రాసి పంపు."

ఆమె చెబితే నేనే ఫిర్యాదు రాశాను. వేలిముద్ర వేసింది. ప్రతి సోమవారం ఒక సీసా తెచ్చేది. నేను ప్రతి సోమవారం ఒక ఫిర్యాదు రాసేవాణ్ణి. మండలికి ఫిర్యాదులు రాసే పని కూడా, చూసుకుంటే, పర్యావరణ విభాగానిదే.

ఇరవయ్యో సీసాకి త్రివిక్రమరావు గారు వచ్చారు. మేనేజరు గారు, నేను వెంట నడిచాం. వాగు ఒడ్డున నిలబడి ఆయన చాలాసేపు చూశారు. ఆ ఉదయం నీళ్లు ఒక వైపు పచ్చగా, ఒక వైపు గులాబీగా పారుతున్నాయి.

"ఈ హాలులో మానవులెవరైనా పనిచేయుచున్నారా?" అని అడిగారు.

"ఒక్కరూ లేరండి" అన్నారు మేనేజరు గారు.

"తలుపు తీయువారు?"

"దానంతటదే తెరుచుకుంటుందండి."

"అటులైన ఇందులో మానవ ప్రమేయము లేదు. మానవ ప్రమేయము లేనిది ప్రకృతి." నా వైపు తిరిగి, "సహజ వర్ణ పరిణామము అని రాయండి" అన్నారు.

పెంచలమ్మ అక్కడే ఉంది. సీసా మూత తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ప్రకృతి ఒక్కొక్కప్పుడు ఘాటుగా ఉంటుందని ఓదార్చారు.

ఆ సంవత్సరం మా కంపెనీకి హరిత పతకం వచ్చింది.

చిక్కు మరుసటి ఏడు వచ్చింది. మండలి వారు లెక్కను ఆధునీకరించారు. కార్ఖానాలో ఖర్చయ్యే డీజిలు, థిన్నరు, నీళ్లు అన్నీ కూడి, కార్మికుల సంఖ్యతో భాగించాలి. దాని పేరు తలసరి కాలుష్య సూచిక. కాగితం ఫారాలు పోయి కంప్యూటర్లో నింపడం వచ్చింది. నేను కార్మికుల సంఖ్య దగ్గర సున్నా కొట్టాను. కంప్యూటరు తీసుకోలేదు. 'హారం సున్నా కారాదు' అని ఎర్ర అక్షరాలు. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే. ఫారం వెళ్లకపోతే పతకం వెనక్కి ఇవ్వాలి.

"ఆఫీసు వాళ్లని వేస్తే?" అన్నారు మేనేజరు గారు.

"మనల్ని వెయ్యకూడదట సార్. ఉత్పత్తి జరిగే హాలులో ఉన్నవాళ్లే కావాలి."

"అయితే ఒక్క మనిషిని పెట్టు. భాగించడానికి ఒకళ్లు చాలు." నిజమే, భాగించడానికి చాలు. భాగిస్తే ఏమొస్తుందో ఆయన చూడలేదు. నేనూ చెప్పలేదు. నేను లెక్కల్లో మొదట్నించీ మందం.

"ఎవర్ని పెడదాం సార్?"

"ఆ సీసాలావిడ ఎటూ వారం వారం వస్తోందిగా. లోపల కూర్చోబెడితే గేటు దగ్గర గొడవ ఉండదు."

నేను వెళ్లి పెంచలమ్మతో చెప్పాను. "కంపెనీకి హారం కావాలంట. నిన్ను పెట్టుకుంటారు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "హారమా? ఎవురి మెళ్లో?"

"మెళ్లో కాదు. లెక్కలో కింద ఉండే అంకె. నువ్వు కింద ఉంటావు, మిగతా అంతా పైన ఉంటుంది."

"అది ఇప్పుడు కొత్తగా వచ్చిందేముందన్నా" అంది. కానీ ఒప్పుకుంది. తోట ఎండిపోయింది, ఇంట్లో మంచం పట్టిన అత్త ఉంది.

హాలు మూలన అద్దాల గది కట్టించారు. రోబోల ముందు మనిషి తిరగకూడదని నియమం. పొద్దున తొమ్మిదికి వచ్చి లోపల కూర్చునేది, అయిదింటికి లేచేది. చలికి వణికేది. ఆఫీసులో ఎవరో ఒక శాలువా ఇచ్చారు. గదిలో గోడకి అరచేతి వెడల్పున ఒక ఎర్ర బొత్తాం ఉండేది. మనిషి ఉన్న ప్రతి గదిలో ప్రమాదం వస్తే యంత్రాలన్నీ ఆపే బొత్తాం ఉండాలని చట్టం. అది తాకొద్దని నేనే ఆమెతో చెప్పాను. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఆమె నాతో మాట్లాడే మాట ఒకటే. "కూర్చుని చూస్తా ఉంటే కడుపు రగిలిపోతా ఉందన్నా. ఒక్కో ఫ్యానుకి ఒక్కో చెంబెడు పారబోస్తాయి. అదంతా నా బావిలోకే గదా పొయ్యేది."

ఏప్రిల్లో మండలి నుంచి రిజిస్టరు పోస్టు వచ్చింది. కంపెనీ పేర కాదు, పెంచలమ్మ పేర. మొత్తం కాలుష్యాన్ని ఒకటితో భాగిస్తే వచ్చిన అంకె రాష్ట్రంలో ఎక్కడా లేనంత పెద్దది. సూచిక హద్దు దాటితే ఆ తల ఎవరిదో వాళ్ల పేర నోటీసు తయారుచెయ్యమని కంప్యూటరుకి ముందే చెప్పి ఉంచారట. అది తయారుచేసింది. అద్దాల గదిలో ఆమె పక్కన నిలబడి చదివి వినిపించాను.

"శ్రీమతి పెంచలమ్మ అను మీరు, తలసరిగా నలభై ఒక్క వేల లీటర్ల థిన్నరును సహజ జలప్రవాహమున కలిపి, సమీపమున గల వ్యవసాయ బావిని కలుషితము చేసినట్లు రుజువగుచున్నది. సదరు బావిని గూర్చి అందిన డెబ్బది మూడు ఫిర్యాదులు సాక్ష్యముగా జతపరచడమైనది."

ఆమె చెయ్యెత్తి ఆపమంది. "ఆ ఫిర్యాదులు నేను పెట్టినవే గదా?"

"నువ్వు పెట్టినవే."

"ఆ బావి?"

"నీదే."

"నా బావిలో నేనే విషం కలిపినానని నేనే రాసి ఇచ్చినానా?"

ఆ డెబ్బై మూడూ నా దస్తూరీలో ఉన్నాయి. పెంచలమ్మ ఆ రోజు అన్నం డబ్బా తెరవలేదు. ఏడుపూ రాలేదు ఆవిడకి. కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని, అద్దంలోంచి రోబోలు కడుక్కోవడం చూస్తూ అయిదింటి దాకా కూర్చుంది. "జైల్లో వేస్తారా?" అని వెళ్లేటప్పుడు అడిగింది. తెలియదన్నాను. అది అబద్ధం కాదు.

విచారణ జిల్లా కేంద్రంలో. ముగ్గురం వెళ్లాం, ఆమె, నేను, మేనేజరు గారు. త్రివిక్రమరావు గారు బల్ల వెనక కూర్చుని ఉన్నారు.

"ఫిర్యాదుదారు వచ్చినారా?"

పెంచలమ్మ లేచింది.

"నిందితురాలు వచ్చినదా?"

నిలబడే ఉంది.

"ఇరుపక్షములు ఏకకాలమున హాజరగుట మండలి చరిత్రలో ప్రథమము" అని ఆయన నిజంగా మెచ్చుకున్నారు.

"సార్, నేను ఏదీ ముట్టుకోను సార్. కుర్చీలో కూర్చుంటాను, అంతే" అంది పెంచలమ్మ. "పారబోసేది అవి సార్, ఆ మిషన్లు."

"అవి ఫర్నిచరు." ఆయన కిందటేటి కాగితం ఫారం తిప్పి చూపించారు. నా అక్షరాలే. "ఫర్నిచరు కాలుష్యము చేయదు. అక్కడున్న మానవులు ఒక్కరు. కాలుష్యము చేయువాడు మానవుడు. ఇంక మిగిలినదెవరు?" తర్వాత మేనేజరు గారి వైపు చూశారు. "ఈ కాలుష్యము ఈమెది కాదని కంపెనీ వారి వాదనా?"

ఆమెది కాదంటే కంపెనీదవుతుంది. మేనేజరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మండలి లెక్కను మేం ఎప్పుడూ గౌరవిస్తామండి" అన్నారు.

"అనగా ఈమెదే."

"ఆవిడదేనండి. పూర్తిగా."

ఆయన ఉత్తర్వు చెబుతుంటే టైపిస్టు కొట్టింది. అరవై రోజుల్లో పెంచలమ్మ తన కాలుష్యాన్ని సగానికి తగ్గించుకోవాలి. అందుకు అవసరమైన సమస్త చర్యలు తీసుకోవాలి. ఆ చర్యలకు ఆటంకం కలిగించువారు శిక్షార్హులు. చివరి వాక్యం మండలి వారి ప్రతి ఉత్తర్వులోనూ ఉంటుంది, ఎవరూ గమనించరు.

తిరుగు బస్సులో ఆమె పక్కన నేను కూర్చున్నాను. మేనేజరు గారు కార్లో వెళ్లిపోయారు. ఆమె ఆ కాగితం నాకిచ్చి మళ్లీ చదవమంది. చదివాను. చివరికి వచ్చేసరికి నా గొంతు కొంచెం మారినట్టుంది.

"ఆ కడాకరి మాట ఇంకోసారి చెప్పన్నా."

"నీ చర్యలకు ఆటంకం కలిగించేవాళ్లు శిక్షార్హులు."

"ఆటంకమంటే అడ్డం పడేది గదా?"

"అవును."

"ఎవురు అడ్డం పడినా?"

"ఎవరని లేదు. ఎవరైనా."

"మేనేజరైనా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నేను తీసుకున్న నిర్ణయం అదొక్కటే అనుకుంటాను. "మేనేజరైనా" అన్నాను.

మర్నాడు పొద్దున పదింటికి పెంచలమ్మ శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి, ఎర్ర బొత్తాన్ని అరచేత్తో నొక్కింది. పదకొండు రోబోలూ చేతులు పైకెత్తి ఆగిపోయాయి. ఏసీలు ఆగాయి. జనరేటర్లు దగ్గి ఆగాయి. మా కంపెనీలో పిచ్చుకల అరుపు వినిపిస్తుందని నాకు ఆ రోజు తెలిసింది.

మేనేజరు గారు పరుగెత్తుకొచ్చారు. "ఏం చేస్తున్నావు నువ్వు?"

"నా కాలుష్యం తగ్గించుకుంటా ఉండాను సార్."

"ఎవరు చెప్పారు?"

ఆమె ఉత్తర్వు చూపించింది. ఆయన అక్కడికక్కడే త్రివిక్రమరావు గారికి ఫోన్ చేశారు. అవతలి గొంతు మాకూ వినబడుతోంది. "ఆమె ఉత్తర్వును అమలు పరచుచున్నది. చాలామంది పరచరు. మీరు ఆటంకము కలిగించుచున్నారా?"

"లేదండి, అబ్బే" అన్నారు మేనేజరు గారు. ఫోను జేబులో పెట్టుకుని కాసేపు రోబోల కేసి చూశారు. "పెంచలమ్మగారూ, ఏం చేస్తే నొక్కరు?" అని అడిగారు. గారు అనడం అదే మొదలు.

ఆమె ఎక్కువేం అడగలేదు. రోజుకి ఒకటే రంగు. కడిగిన థిన్నరు డబ్బాల్లోకే పట్టాలి, కాలవ మూసెయ్యాలి. ఏసీలు కట్టేసి కిటికీలు తియ్యాలి. ఏసీ లేకపోతే రోబోలు పదకొండింటికల్లా వేడెక్కి ఆగిపోతాయని మేనేజరు గారు మొరపెట్టుకున్నారు. "పొద్దున చల్లగా ఉండేటప్పుడు అవి చేస్తాయి. ఎండెక్కినాక మేం చేస్తాం" అంది. మేం అంటే ఎవరని ఆయన అడగలేదు. మర్నాడు పదకొండింటికి పాత పెయింటు షాపు ఆడవాళ్లు నలభై మంది తలకు గుడ్డలు కట్టుకుని లోపలికి వచ్చారు. కాలుష్య నివారణ చర్యల కింద వాళ్ల పేర్లన్నీ నేనే రాసుకున్నాను. చేతి గన్‌లు గోడౌన్లోంచి తీసి తుడవడానికి ఒక పూట పట్టింది.

అరవై రోజులకి డీజిలు ఆరో వంతుకి, థిన్నరు పదో వంతుకి దిగాయి. మొత్తాన్ని నలభై ఒక్క తలలతో భాగిస్తే వచ్చిన అంకె ఎంత చిన్నదంటే, కంప్యూటరు అది తప్పేమో చూసుకోమని రెండుసార్లు అడిగింది. ఎండాకాలం పోయి వానలొచ్చాయి. వాగు రెండుసార్లు పొంగింది. పెంచలమ్మ బావి తోడించింది. గేదె మూతి పెట్టింది. ఆవిడ మాత్రం ఇంకా ఇంటికి బిందె పట్టలేదు.

అక్టోబరులో త్రివిక్రమరావు గారు కొత్త సర్క్యులర్ తీసుకుని వచ్చారు. ఇకనుంచి రోబోలను కూడా తలలుగా లెక్కించవచ్చట. మేనేజరు గారి ముఖం ఇన్ని నెలల తర్వాత వెలిగింది. అంటే హారానికి మనుషులక్కర్లేదు. పెంచలమ్మని ఆఫీసులోకి పిలిపించి, ఎన్నడూ లేనిది కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"అభినందనలు. మీరు మీ కాలుష్యమును తగ్గించుకొన్నారు" అన్నారు అధికారి గారు. ఒక కాగితం ముందుకు జరిపారు. "ఇకమీదట నేను కాలుష్యము చేయుట లేదని ఇచ్చట వేలిముద్ర వేసినచో, నోటీసు రద్దగును. మీరు నిర్దోషి."

"వేస్తే ఆ ఉత్తర్వు?"

"అదియును రద్దగును. నిర్దోషికి ఉత్తర్వుతో పనేమి?"

"మేము నలభై మందిమి?"

"మీరంతా హాయిగా ఇంటి దగ్గర ఉండొచ్చు పెంచలమ్మగారూ" అన్నారు మేనేజరు గారు.

"వెయ్యకపోతే?"

అధికారి గారు కొంచెం ఇబ్బంది పడ్డారు. అలా అడిగినవాళ్లు ఆయనకి తగిలినట్టు లేదు. "వెయ్యనిచో మీరు కాలుష్యకారకురాలిగానే కొనసాగుదురు. ఉత్తర్వు అమల్లో ఉండును. జిల్లా జాబితాలో మీ పేరు ఉండును. అది అపకీర్తి కదా."

పెంచలమ్మ ఆ కాగితం వైపు చూసింది. ఇంకు డబ్బా మూత నేను తీసి పట్టుకుని నిలబడి ఉన్నాను. కిటికీ అవతల నుంచి ఆడవాళ్ల మాటలు, గన్‌ల బుస వినబడుతున్నాయి. ఆవిడ బొటనవేలు కొంగులో దాచుకుని, వినయంగా తల వంచుకుంది.

"నాకింకా కొంచెం కాలుష్యం మిగిలుండాది సార్" అంది.